మణి చేపలు

జూన్ 9

రిటైరయ్యాక డైరీ మానేశాను. ధవళేశ్వరం ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు గోదావరి ఎంత ఎత్తున ఉందో పూటపూటకీ రాసినవాణ్ణి. ఇంట్లో కూర్చుని రాయడానికేముంది, ఇవాళ చారులో ఉప్పెక్కువైందనా? అయితే ఈరోజు మా ఇంట్లోకే నీళ్ళొచ్చాయి. నాలుగడుగుల గాజుతొట్టె, నిండా సముద్రపు నీళ్ళు. మళ్ళీ రాయక తప్పలేదు.

తొట్టె మణిది. మణిశంకర్, నా తమ్ముడు. పోయిన కార్తీకంలో పోయాడు. వాడి భార్య రాణి కాకినాడ నుంచి వ్యానులో వేసుకుని తీసుకొచ్చింది. రాజమండ్రిలో మా గడప తొక్కడం ఆమెకు ఇదే మొదలు. "మా అమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుందండి. కాకినాడ ఇల్లు ఖాళీ చేసి ఉప్పాడ వెళ్ళిపోతన్నాను. అక్కడ కరెంటు రోజుకి నాలుగుసార్లు పోద్దండి. మోటారు ఆగితే ఇవి బతకవు. అమ్మ లేచి నడిచేదాకా ఉంచండి బావగారూ" అంది. సముద్రం ఒడ్డుకు వెళ్ళే మనిషి సముద్రపు చేపలను గోదావరి ఒడ్డున వదిలి వెళుతోంది.

మణీ నేనూ ఇరవై రెండేళ్ళు మాట్లాడుకోలేదు. అలాంటిది నా దగ్గరికే ఎందుకు తెచ్చావమ్మా అని అడిగాను. "నీళ్ళ సంగతి మా అన్నయ్యకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు అనేవారండి ఆయన" అంది.

వాళ్ళకు పిల్లలు లేరు. ఉన్నవి రెండు చేపలు, రెండు రొయ్యలు. చేపలు నారింజ రంగువి, ఒంటి మీద మూడేసి తెల్ల పట్టీలు. విభూతి పెట్టుకున్నట్టున్నాయని మణి వాటికి సోమయాజి, సోమిదేవమ్మ అని పేర్లు పెట్టాడట. వెధవ, ఎంత దూరం పోయినా ఆ వెటకారం పోలేదు. పదకొండేళ్ళుగా పెంచాడు. "ఐసీయూలోకి తీసుకెళ్తంటే కూడా, వాటికి మేత వేశావా అనే అడిగారండి. ఆయన మనుషులు ఇంక ఇవేనండి" అంది రాణి.

నా భార్య నాగేశ్వరి మంచినీళ్ళు తెచ్చిస్తే "దారిలో తాగానండి" అంది. నాగేశ్వరి నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. ఆ పాత సంగతి రాణి మరచిపోలేదు. అమ్మ అలా అన్నాక ఎలా మరచిపోతుంది.

జూన్ 10

వేడి 27. ఉప్పునీటి సాంద్రత 1.025. మేత రెండు పూటలా, చిటికెడు గుళికలు.

నాగేశ్వరి: "గుళికలైతే వంటింట్లోనే పెట్టుకోండి. వాటిని దేంతో చేస్తారో మాత్రం నాకు చెప్పకండి."

జూన్ 14

మణి చేతిరాతతో ఒక కాగితం ఉంది, ఏ రోజు ఏం చెయ్యాలో. రోజూ ఆవిరైపోయిన మేరకు ఆర్వో నీళ్ళే పొయ్యాలి, ఉప్పు కలపకూడదు అని రాశాడు. ఆ నీళ్ళు నోట్లో పోసుకుని చూశాను. ఏ రుచీ లేదు, చచ్చిన నీళ్ళు. మా అమ్మ రాగి బిందె పెరట్లో ఊరికే ఉంది కదా అని చింతపండుతో తళతళా తోమి, సాయంత్రం ఆర్వో నీళ్ళు అందులో పోసి, పొద్దున్నే తొట్టెలో పోస్తున్నాను. రాత్రంతా రాగిలో ఉంటే నీటికి జీవం వస్తుంది. ఆ బిందెలో నీళ్ళు తాగి పెరిగాడు మణి. వాడి చేపలకూ అవే.

ఆ బిందె అమ్మకు పుట్టింటి వాళ్ళిచ్చింది. కోనసీమలో మా ఇంటి వరండాలో, మూలగా, ఇసక పోసిన ముక్కాలిపీట మీద ఉండేది. వేసవిలో ఆ ఇసక మీద అమ్మ మెంతులు చల్లేది. నాలుగు రోజులకు బిందె చుట్టూ పచ్చగా మొలిచేవి. మణికి ఏడేళ్ళప్పుడు కాలువలో తువ్వాలు పరిచి వేలెడంత చేపను పట్టాడు. ఎక్కడ దాచాలో తెలియక బిందెలో వేశాడు. మర్నాడు అమ్మ మడి కట్టుకుని ఎసట్లోకి నీళ్ళు వంపుతుంటే అది గిన్నెలోకి జారింది. అమ్మ పెట్టిన కేకకు ఎదురింటి వాళ్ళు కూడా వచ్చారు. మళ్ళీ స్నానం, మళ్ళీ తోముడు, రెండు గంటలకు భోజనం. మణిని కొట్టడానికి చెయ్యెత్తి, "చేప బతికే ఉందా అమ్మా?" అని వాడు అడిగేసరికి నవ్వేసింది. అదే పని నేను చేసి ఉంటే వీపు చిట్లేది. వాడికన్నీ చెల్లేవి.

అంత ప్రేమ ఉన్న మనిషి, తీరా కోడలు వచ్చేసరికి ఆ మాట అంది. ఏం చేస్తాం, ఆ కాలం అలాంటిది.

జూన్ 22

తొట్టె దగ్గరికి వెళితే సోమయాజి ముందుకొస్తున్నాడు. నాగేశ్వరి వెళితే రావడం లేదు. పరీక్షించి చూశాను, మూడుసార్లు.

జూన్ 29

ఒక రొయ్య చచ్చిపోయింది. ముసలిదై ఉంటుంది.

జూలై 3

రెండోది కూడా. అదీ ముసలిదే అయి ఉంటుంది.

ఇవి చేపల ఒంటి మీదికెక్కి చర్మం శుభ్రం చేసేవి. సోమిదేవమ్మ తలంటు పోయించుకునే పిల్లలా కదలకుండా నిలబడేది. ఇప్పుడు ఆ రాయి దగ్గరికి వచ్చి, నిలబడి, చూసి వెళ్ళిపోతోంది.

సాయంత్రం రాణి ఫోన్ చేసింది. "ఎలా ఉన్నారండీ అందరూ?" అంది. అందరూ బాగున్నారమ్మా అన్నాను. అబద్ధమేం కాదు. చేపలు బాగానే ఉన్నాయి.

జూలై 6

తొట్టె బోసిగా ఉందని దేవీచౌకు దగ్గర ఆరోన్ అనే అతని చేపల కొట్టుకు వెళ్ళి ఒక నీలం చేప తెచ్చాను. రాణి వచ్చేసరికి తొట్టె కళకళలాడుతుంటే రొయ్యల మాట ఎత్తదు కదా. "నెల రోజులు విడిగా ఉంచండి సార్. కొత్తదాన్ని నేరుగా కలపకూడదు" అన్నాడతను. ఇంటికొచ్చినదాన్ని వేరుగా కూర్చోబెట్టడమేమిటి అనుకున్నాను. అనుకున్నాక నాకే నవ్వొచ్చింది, ఈ మాట అనడానికి నేనే దొరికానా అని.

అయినా అప్పుడు అంది అమ్మ. నేను కాదు.

నేరుగానే కలిపేశాను.

జూలై 13

నీలం చేప రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. ఉప్పునీళ్ళలో ఉంటుంది కదా, ఉప్పే అంటుకుని ఉంటుంది.

జూలై 15

ఉప్పు కాదు. సోమయాజికి పదిహేను చుక్కలు, సోమిదేవమ్మకు లెక్కపెట్టలేనన్ని. రెండూ రాయికి ఒళ్ళు రుద్దుకుంటున్నాయి. మేత ముట్టలేదు. ఆరోన్‌కు ఫోన్ చేస్తే కొట్టు మూసి మరీ వచ్చాడు.

"ఇది పురుగు సార్. ఆ చుక్క, పురుగు తోలు కింద కట్టుకున్న గూడన్నమాట. నాలుగైదు రోజులు చేపని తిని కిందకి రాలిపోద్ది. అక్కడ ఒక్కోటీ వందల పిల్లలు పెడద్ది. అవన్నీ మళ్ళీ చేపల మీదకే వస్తాయి. మొప్పల్లోకి దిగితే ఇంక ఊపిరాడదు" అన్నాడు. కొత్త చేపతో వచ్చిందా అని అడిగాను. అతను నీలం చేప వైపు చూసి, మర్యాదస్తుడు కాబట్టి ఏమీ అనలేదు.

తర్వాత చిన్న గాజు గొట్టాల్లో తొట్టె నీళ్ళు పట్టి ఏవో చుక్కలు వేశాడు. ఒక గొట్టం నీలంగా మారింది. "రొయ్యలేవండీ?" అన్నాడు. పోయాయన్నాను. "పోవా మరి! ఈ నీళ్ళలో రాగి ఉందండి. ఏదైనా మందేశారా?"

ఏ మందూ వెయ్యలేదయ్యా, మణి కాగితంలో రాసినవే తు.చ. తప్పకుండా చేస్తున్నాను అని గట్టిగానే అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఎందుకంత గట్టిగా అన్నానో తెలియదు. నాగేశ్వరి వెళ్ళి రాగి బిందెను రెండు చేతులా ఎత్తి తెచ్చి అతని ముందు పెట్టింది.

ఆరోన్ బిందెనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఆర్వో నీళ్ళు ఆకలి మీదుంటాయట, ఏ లోహంలో పోస్తే దాన్ని కొరుక్కుని తింటాయట. పైగా చింతపండుతో తోమిన బిందె. "మనుషులకేం కాదండి. రొయ్యకి చుక్కెడు రాగి చాలు. అసలు ఈ పురుక్కి మందు కూడా రాగేనండి, కానీ కొలిచి వెయ్యాలి, విడిగా వెయ్యాలి. మీరు వేసింది పురుగుని చంపేంత లేదు, రొయ్యని చంపేంత ఉంది."

అతను వెళ్ళాక నాగేశ్వరి బిందెను పెరట్లో బోర్లించింది. "పదకొండేళ్ళ చేపలండీ. రాణికి ఏం చెప్తారు?" అంది. బతికించి చెబుతాను అన్నాను.

జూలై 16

ముసలి చేపలు మందుకు తట్టుకోలేవని ఆరోన్ వేరే దారి చెప్పాడు. రెండు ప్లాస్టిక్ టబ్బులు. పురుగు చేప మీద నుంచి రాలి, పిల్లలు పెట్టేలోపే చేపను కొత్త నీళ్ళలోకి మార్చెయ్యాలి. మూడు రోజులకొకసారి, నాలుగుసార్లు. పాత టబ్బు కడిగి, ఆరబెట్టి, మళ్ళీ వాడాలి. అసలు తొట్టెలో డెబ్బయ్యారు రోజులు చేపన్నది ఉండకూడదు, తిండి లేక పురుగు అంతరించిపోతుంది. మూడు రోజులు, పన్నెండు రోజులు, వేరు టబ్బు, ముట్టుకుంటే చేతులు కడుక్కోవడం. మైల పట్టడం మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నాగేశ్వరికైతే ఒక్కసారి చెప్పగానే వచ్చేసింది.

గిన్నెలోకి రాకపోతే చేత్తో పట్టుకున్నాను. జన్మలో మొదటిసారి చేపను ముట్టుకున్నాను.

కాదు. మొదటిసారి కాదు. కాలువలో ఆ తువ్వాలు రెండో కొస పట్టుకున్నది నేనే. బెజ్జం పడిన తువ్వాలు కింద చెయ్యి పెట్టి, చేప జారిపోకుండా అదిమి పట్టుకున్నది నేనే. "అన్నయ్యా, మెల్లిగా, దానికి నొప్పెడుతుంది" అని మణి అరుస్తున్నాడు. చేతిలో అది కొట్టుకోవడం ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత అమ్మ అడిగినప్పుడు, నాకేం తెలియదు, అంతా మణే చేశాడు అని చెప్పాను.

జూలై 18

నీలం చేప పోయింది. దానికి పేరు కూడా పెట్టలేదు.

జూలై 19

మొదటి మార్పు. సోమయాజి చుక్కలు తగ్గాయి. నాలుగు గుళికలు తిన్నాడు. సోమిదేవమ్మ టబ్బు అడుగున పక్కకు ఒరిగి, మొప్పలు ఎగరేస్తోంది.

ముసురు పట్టింది. టబ్బు ఆరబెడదామంటే ఎండ లేదు. నాగేశ్వరి నా పాత పంచెతో తుడిచి, ఫ్యాను కింద పెట్టి, మళ్ళీ తుడిచింది. పెద్దదే ఆడదని, సోమిదేవమ్మని, తొట్టె చూసిన రోజునే ఆరోన్ చెప్పాడు. అంతదాకా దాన్నే సోమయాజి అనుకున్నాను నేను. "ఇంట్లో ఎవరు పెద్దో చేపలకైనా తెలిసింది" అంది నాగేశ్వరి. నెల రోజుల్లో మేమిద్దరం నవ్వడం ఇదే.

జూలై 21

సోమిదేవమ్మ తినలేదు.

జూలై 22

రెండో మార్పుకు చెయ్యి పెడితే పెనుగులాడలేదు. అప్పుడే అర్థమైంది. అయినా కొత్త నీళ్ళలో వేసి, గాలిగొట్టం దగ్గరగా పట్టుకుని నిలబడ్డాను. నడుం పట్టేసినా వదల్లేదు. పదిన్నరకు నాగేశ్వరి వచ్చి నా చేతిలోంచి గొట్టం తీసుకుంది.

మందార మొదట్లో పాతిపెట్టాను. స్నానం చేశాను. చేపకు స్నానమేమిటని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియదు. మణి పోయినప్పుడు కాకినాడ వెళ్ళి, శ్మశానంలో దూరంగా నిలబడి, బస్సెక్కి వచ్చేశాను. కన్నీళ్ళు రాలేదు. ఇవాళ వచ్చాయి.

జూలై 24

వెనక్కి తిరిగి ఈ డైరీ చదివాను. అమ్మ అంది, అమ్మ అంది అని పదే పదే రాసుకున్నాను. గేజి మీద పదడుగులుంటే తొమ్మిదని ఏనాడూ రాయలేదు నేను. ఎవరూ చదవని పుస్తకంలో ఇలా ఎందుకు రాసుకున్నాను?

అమ్మ అనలేదు.

మే నెల. మణి కాకినాడలో రాణిని పెళ్ళి చేసుకుని వారం. ఆమె చేపలు పట్టేవాళ్ళ పిల్ల అని మాకు ఉత్తరం రాశాడు. చెప్పకుండా మధ్యాహ్నం బస్సుకు ఇద్దరూ దిగారు. నాగేశ్వరి పుట్టింటికి వెళ్ళింది. నేనూ అమ్మా ఉన్నాం. అమ్మ కిటికీలోంచి చూసింది. కోప్పడుతుందనుకున్నాను. "ఒరే భాస్కరం, మణి వచ్చాడు! ఆ పిల్ల మొహం చూడు, ఎండకి ఎలా కమిలిపోయిందో. కూర్చోబెట్టరా, మజ్జిగ కలుపుతాను" అని వంటింట్లోకి పరిగెత్తింది. అరవై ఏళ్ళ మనిషి, పరిగెత్తింది. ఆ మొహంలో అంత వెలుగు నా కోసం ఎప్పుడూ చూడలేదు. ఊళ్ళో ఉండి, పొలం చూసుకుని, ఆఫీసుకు రోజూ రెండు బస్సులు మారి వెళుతూ, అమ్మ మందులు కొని, మాట జవదాటని కొడుకును నేను. ఇష్టమొచ్చినట్టు చేసి వచ్చినవాడికి మజ్జిగ.

వరండాలోకి వెళ్ళాను. రాణి గ్లాసు పట్టుకుని బిందె మీదికి వంగింది. "అమ్మ ఆ బిందె ముట్టుకోవద్దంది. దొడ్లో బోరింగుంది, అక్కడ తాగమంది" అన్నాను. ఎదురరుగు మీద నలుగురు చూస్తున్నారు, పరువు కోసం అన్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. పరువు కాదు. కడుపుమంట.

మణి నన్ను ఒక్క మాట అడగలేదు. రాణి చేతిలో గ్లాసు తీసుకుని, బిందె మీద బోర్లించి, ఆమె చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు.

అమ్మ రెండు గ్లాసులతో వచ్చింది. "ఏరిరా?" అంది. బస్సుకు టైమైందిట అన్నాను. వీధి చివరిదాకా చూసి, ఒక గ్లాసు నాకిచ్చింది. నేను తాగాను.

తర్వాత ఎనిమిదేళ్ళు బతికింది. "మజ్జిగైనా తాగకుండా ఎందుకు వెళ్ళాడురా?" అని పండగకీ పబ్బానికీ అడిగేది. ఆవిడ పోయిందని కబురు పంపితే మణి రాలేదు. ఎంత రాతిగుండె అన్నారు అందరూ. నేనూ తల ఊపాను. వాడు అమ్మ మీద కోపంతోనే పోయాడు. నేను తెలిసి తెలిసీ పోనిచ్చాను.

జూలై 25

నాగేశ్వరికి చెప్పాను. పప్పు తాలింపు పెడుతోంది. స్టవ్ ఆపేసింది. "అత్తయ్యగారు ఆ మాట అన్నారంటే నాకెప్పుడూ నమ్మబుద్ధి కాలేదండీ. అడక్కపోవడం నా తప్పు" అంది. స్టవ్ మళ్ళీ వెలిగిస్తూ, "ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాల్సిందే. ఆ పిల్లకి చెప్పండి" అంది.

జూలై 28

నాలుగో మార్పు. సోమయాజి ఒంటి మీద ఒక్క చుక్క లేదు. భూతద్దం పెట్టి చూశాను.

ఆగస్టు 10

రాణి ఫోన్. ఫోనులో చెప్పే విషయం కాదు.

ఆగస్టు 17

రాణి ఫోన్. నాగేశ్వరి పక్కనే నిలబడింది. "ఒక రొయ్య..." అని మొదలుపెట్టాను. అటు వాళ్ళమ్మ పిలిస్తే రాణి పెట్టేసింది. హమ్మయ్య అనుకున్నందుకు సిగ్గేసింది.

ఆగస్టు 20

గోదావరి పెరుగుతోంది. ఎర్రనీళ్ళు. టీవీలో అంకె వస్తే అలవాటు కొద్దీ రాసి, కొట్టేశాను.

ఆగస్టు 31

రాణి పిఠాపురంలో రైలెక్కి పదకొండుకు వచ్చింది. వాళ్ళమ్మ కర్ర పట్టుకుని నడుస్తోందట. పిఠాపురంలో కరెంటు బాగుండే చోట ఒక వాటా అద్దెకు తీసుకుందట. రాగానే టబ్బు దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. సోమయాజి ఒక్కడే ఉన్నాడు. "ఆవిడేదండీ?" అంది.

బిందె సంగతి, రొయ్యలు, నీలం చేప, చుక్కలు, సోమిదేవమ్మ, అన్నీ వరసగా చెప్పాను. కళ్ళు తుడుచుకుంటూ విన్నది. బిందె దగ్గరికి వచ్చేసరికి ఏడుస్తూనే నవ్వింది. "రాగి బిందెలో పోశారాండీ! ఆయనుంటే నెల్లాళ్ళు నవ్వేవారు. ఒకటైనా బతికించారు, పోన్లెండి బావగారూ" అంది.

అక్కడ ఆపెయ్యొచ్చు. ఆమె క్షమించేసింది కూడా. వంటింటి గుమ్మంలో నాగేశ్వరి నిలబడి ఉంది.

చెప్పాను. మే నెల, కిటికీ, అమ్మ పరుగు, నేను అన్న మాట. ఒక్కటీ దాచలేదు. కడుపుమంటతో సహా చెప్పాను.

రాణి నా వైపు తిరిగింది. "మజ్జిగ కలిపారాండీ నాకు?" అంది.

"కలిపిందమ్మా. అల్లం దంచి, నిమ్మాకు వేసి."

"ఇది ఆయనకి చెప్పాల్సిందండి."

"అవునమ్మా."

"పోయే ముందైనా చెప్పాల్సింది. జ్వరంలో 'అమ్మా' అనేవారు. తెలివొచ్చాక, నేనలా అనలేదు అనేవారు." ఆమె గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండునని నాకనిపించింది. "నాకు చెప్పి మీ బరువు దించుకున్నారు. నేనెవరికి చెప్పనండీ?"

క్షమించమని అడగడానికి నోరు తెరిచి, మూసుకున్నాను.

సోమయాజిని మూత ఉన్న బకెట్టులోకి మార్చి, బ్యాటరీతో నడిచే గాలిమోటారు పెట్టి ఇచ్చాను. డెబ్బయ్యారు రోజులూ నిండాక, సెప్టెంబరు నెలాఖరు తర్వాత తొట్టె ఆరోన్ తెచ్చి దింపుతాడని, అప్పటిదాకా టబ్బే చాలని చెప్పాను. తల ఊపింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"అత్తయ్యగారి ఫొటో ఏమైనా ఉందాండీ? మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఆయన పెట్టనిచ్చేవారు కాదు. ఇప్పుడు ఆయన పక్కన పెడతాను."

అత్తయ్యగారు అంది. నేను విన్నాను.

ఉన్నది ఒక్కటే ఫొటో. హాల్లో గోడకు, నా కుర్చీకి ఎదురుగా. పండగకు పాపిడి తీసి, జరీచీరలో, నవ్వాపుకుంటూ కూర్చున్న అమ్మ. మేకు నుంచి తీసి, అద్దం తుడిచి, పాత పంచెలో చుట్టి ఇచ్చాను. నాగేశ్వరి కాపీ తీయిద్దామండీ అనబోయి, నా మొహం చూసి మానేసింది.

బకెట్టు ఆటో దాకా నేనే మోశాను. రాణి దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుంది. పంచె మడత కొంచెం తప్పించి ఫొటోను ఒకసారి చూసుకుని, మళ్ళీ కప్పి, ఒళ్ళో పెట్టుకుంది. వెళ్ళొస్తానని అనలేదు. ఆటో మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

అమ్మ మణి ఇంటికి వెళ్ళింది.